తెలియని లోహానికి నీళ్ల కప్పులో పరీక్ష: విశిష్టోష్ణం ఏం చెబుతుంది, ఏం చెప్పలేదు

తెలియని లోహపు ముక్కను మరిగే నీళ్లలో కాచి, తీసి చల్లటి నీళ్లలో వేసి, ఆ నీళ్లు ఎంత వేడెక్కాయో చూస్తే అది ఏ లోహమో చెప్పేయొచ్చని పుస్తకాల్లో ఉంటుంది. పరీక్ష పేపర్లో లెక్కగా ఇస్తే నిజంగానే చెప్పేయొచ్చు, ఎందుకంటే విశిష్టోష్ణం (గ్రాము లోహాన్ని ఒక డిగ్రీ వేడెక్కించే వేడి) సరిగ్గా 0.385 తేలేలా లెక్క తయారుచేసినవాళ్లు ముందే చూసుకుంటారు, పక్కనే ఇచ్చిన పట్టికలో రాగికి ఎదురుగా అదే అంకె ఉంటుంది, మార్కులు వచ్చేస్తాయి. అదే పని ల్యాబ్‌లో అసలు కప్పుతో, అసలు థర్మామీటర్‌తో చేసి చూడండి, 0.42 వస్తుంది. పట్టికలో ఆ అంకె దగ్గర కోబాల్ట్ ఉంటుంది. చేతిలో ఉన్నదేమో ఇనుము.

ఆ తేడా ఎక్కణ్నుంచి వచ్చిందో విడమరిచి చూస్తే ఈ ప్రయోగం మొత్తం అర్థమైనట్టే. ఇంకో సంగతి కూడా బయటపడుతుంది: ఈ కప్పు మనకు లోహం పేరు చెప్పదు. ఒక గ్రాములో ఎన్ని పరమాణువులు ఉన్నాయో మాత్రం చెబుతుంది, అంతే. పేరు దాకా వెళ్లాలంటే ఇంకో సాక్ష్యం కావాలి.

ముందు అసలు విషయం. ఒక గ్రాము పదార్థాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత వేడి ఇవ్వాలో ఆ అంకెనే విశిష్టోష్ణం అంటాం. నీటికి అది 4.18 జౌళ్లు. అల్యూమినియానికి 0.897, ఇనుముకు 0.449, రాగికి 0.385, వెండికి 0.235, సీసానికి 0.129. అంటే నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించే వేడితో అంతే బరువున్న సీసాన్ని 32 డిగ్రీలు వేడెక్కించొచ్చు. మన పదో తరగతి ఉష్ణం పాఠంలో సీసపు గుళ్లను ఆవిరిలో వేడి చేసి, వేడిని కొలిచే పాత్ర అయిన కెలోరీమీటర్‌లో పోసే ప్రయోగం చాలామందికి గుర్తుండే ఉంటుంది, అక్కడ అంకెలు కెలోరీల్లో ఉండేవి, నీటికి 1, సీసానికి 0.031. దాన్ని 4.18తో గుణిస్తే పైన చెప్పిన అంకే వస్తుంది. ఆ పద్ధతికి మిశ్రమాల పద్ధతి అని పేరు. వేడి లోహం పోగొట్టుకున్న వేడి, చల్లటి నీళ్లు తీసుకున్న వేడి సమానం అన్న ఒక్క వాక్యం మీద మొత్తం నడుస్తుంది.

ఈ వాక్యం ఇప్పుడు తేలిగ్గా అనిపిస్తుంది గానీ, 18వ శతాబ్దం మధ్య దాకా వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు అన్న స్పష్టతే లేదు. 1760 ప్రాంతంలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త పాదరసం విషయంలో దీన్ని పట్టుకున్నారు. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు. ఎక్కువ పదార్థం ఉంటే ఎక్కువ వేడి పడుతుందనుకుంటే, ఒక గ్లాసు వేడి పాదరసాన్ని ఒక గ్లాసు చల్లటి నీళ్లతో కలిపినప్పుడు పాదరసానిదే పైచేయి కావాలి. జరిగేది దానికి తలకిందులు. 60 డిగ్రీల పాదరసం, 30 డిగ్రీల నీళ్లు సమానమైన గ్లాసులు కలిపితే 45 కూడా రాదు, 39 దగ్గర ఆగిపోతుంది. అంత బరువుండీ పాదరసం దగ్గర ఉన్న వేడి తక్కువే. ఒక్కో పదార్థానికి వేడిని పట్టుకునే శక్తి ఒక్కోలా ఉంటుంది, దాన్ని కొలవాల్సిందే తప్ప బరువు చూసి ఊహించలేం అని అప్పుడు తేలింది.

ఇక లెక్కలోకి దిగుదాం. హైదరాబాద్‌లో ఉన్నామనుకోండి, గది 27 డిగ్రీలు. థర్మకోల్ కప్పులో 100 గ్రాముల నీళ్లు పోశాం, అవీ 27 డిగ్రీలే. 80 గ్రాముల లోహపు ముక్కను మరిగే నీళ్లలో ఉంచి 98 డిగ్రీలకు తెచ్చాం. 100 ఎందుకు కాదంటే, హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు 98 దాటీ దాటకుండానే మరిగిపోతాయి. విశాఖలో అయితే 100 రాసుకోవచ్చు, అరకులో 97 దగ్గరే. చాలామంది ఇక్కడ కళ్లు మూసుకుని 100 అని రాసేస్తారు, ఆ ఒక్క తప్పుకే జవాబు మూడు శాతం కిందికి జారిపోతుంది.

ముక్కను నీళ్లలో వేశాం, మూత పెట్టి కలిపాం, థర్మామీటర్ 32.3 దాకా ఎక్కి ఆగింది. నీళ్లు 5.3 డిగ్రీలు వేడెక్కాయి కాబట్టి వాటికి అందిన వేడి 100ను 4.18తో, మళ్లీ 5.3తో గుణిస్తే సుమారు 2,215 జౌళ్లు. లోహం 98 నుంచి 32.3కు పడింది, అంటే 65.7 డిగ్రీలు. 2,215ను 80తో, 65.7తో భాగిస్తే 0.42. కోబాల్ట్ విలువ 0.421. సరిగ్గా సరిపోయింది కదా అని ఇక్కడితో రికార్డు మూసేస్తే, ఇనప ముక్కకు కోబాల్ట్ అని పేరు పెట్టినట్టవుతుంది.

ఏం జరిగిందంటే, వేడి మొత్తం నీళ్లకే పోలేదు. కప్పు కొంత తీసుకుంది, థర్మామీటర్ కొంత తీసుకుంది, కలిపే పుల్ల కొంత. దీన్ని విడిగా కొలవాలి, అదీ లోహం జోలికి పోకముందే. కప్పులో 50 గ్రాముల నీళ్లు 27 డిగ్రీలవి పోసి, వాటిలో 50 గ్రాముల 60 డిగ్రీల నీళ్లు కలపండి. ఏ నష్టమూ లేకపోతే 43.5 రావాలి. 43.1 వచ్చిందనుకోండి. వేడి నీళ్లు 16.9 డిగ్రీలు చల్లబడ్డాయి, చల్లటివి 16.1 మాత్రమే వేడెక్కాయి, మధ్యలో మాయమైన వేడి సుమారు 167 జౌళ్లు. 16.1 డిగ్రీలు ఎక్కడానికి కప్పు, దాని సామాను అంతా కలిసి అంత తీసుకున్నాయి, అంటే డిగ్రీకి దాదాపు 10 జౌళ్లు. చిన్న అంకెలాగే కనిపిస్తుంది, 100 గ్రాముల నీళ్లు డిగ్రీకి తీసుకునే 418 పక్కన ఇదెంత అనిపిస్తుంది. కానీ దాన్ని కలిపి 428తో లెక్క కడితే మన జవాబు 0.42 నుంచి 0.432కు వస్తుంది. ఒక్కసారిగా కోబాల్ట్ నుంచి దూరం జరిగాం.

రెండోది ఇంకా ముఖ్యం, దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు. లోహం నీళ్లలో పడిన క్షణానికీ థర్మామీటర్ పైకి ఎక్కి ఆగే క్షణానికీ మధ్య కొంత సమయం పడుతుంది. ఆ సమయంలోనే కప్పు నుంచి గదిలోకి వేడి పోతూ ఉంటుంది, అంటే మనం చూసిన 32.3 అప్పటికే కొంత పోగొట్టుకున్న అంకె. దీనికి మందు ఏంటంటే, పైకి ఎక్కి ఆగిన తర్వాత కూడా ప్రయోగం ఆపకుండా అర నిమిషానికోసారి ఐదారు నిమిషాల పాటు రీడింగులు రాసుకోవాలి. గ్రాఫు గీస్తే చివరి భాగం నెమ్మదిగా కిందికి వాలే గీతలా వస్తుంది. ఆ గీతను స్కేలు పెట్టి వెనక్కి, లోహం నీళ్లలో పడిన క్షణం దాకా పొడిగిస్తే, నష్టమే లేకపోయి ఉంటే ఉష్ణోగ్రత ఎంత ఉండేదో దొరుకుతుంది. మన ఉదాహరణలో అది 32.5 అనుకుందాం. ఇప్పుడు 428ని 5.5తో గుణిస్తే 2,354, దాన్ని 80తో, 65.5తో భాగిస్తే 0.449. ఇనుము.

0.2 డిగ్రీ. అంతే తేడా. ఆ గీత గీయకపోతే ఇనుము దొరికేది కాదు.

గది ఉష్ణోగ్రతతో ఇంకో తెలివైన పని కూడా చేయొచ్చు, ఇది రమ్‌ఫర్డ్ పేరు మీద ఉన్న పాత చిట్కా. నీళ్లు ఐదారు డిగ్రీలు ఎక్కుతాయని ఒకసారి చేసి చూసుకున్నాక, రెండోసారి నీళ్లను గది కంటే దాదాపు మూడు డిగ్రీలు తక్కువలో మొదలుపెట్టండి, 24 దగ్గర. చివరికి 30 దగ్గర ఆగుతాయి. మొదటి సగంలో గది నుంచి కప్పులోకి కాస్త వేడి వస్తుంది, రెండో సగంలో కప్పు నుంచి గదిలోకి పోతుంది, చాలావరకు రెండూ చెల్లిపోతాయి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ జవాబును తగ్గించే తప్పులు. పెంచే తప్పు ఒకటుంది, అది కంటికి కనిపించేంత మామూలుది: తడి. లోహాన్ని నేరుగా మరిగే నీళ్లలో వేసి పటకారుతో తీసి కప్పులో వేస్తే, దానికి అంటుకుని పది చుక్కలు వేడినీళ్లు కూడా వస్తాయి. పది చుక్కలంటే అర గ్రాము. నీటి విశిష్టోష్ణం ఇనుముకంటే తొమ్మిది రెట్లు ఎక్కువ కాబట్టి ఆ అర గ్రాము 98 నుంచి 32.5కు చల్లబడుతూ 137 జౌళ్లు ఇచ్చేస్తుంది. అంటే జవాబులో 0.026 ఎక్కువ, సుమారు ఆరు శాతం. అందుకే జాగ్రత్తగా చేసేవాళ్లు లోహాన్ని పొడి పరీక్షనాళికలో వేసి, ఆ నాళికను మరిగే నీళ్లలో పావుగంట ఉంచి, తీసి ఒక్క ఊపులో కప్పులో ఒంపేస్తారు. ఒంపడంలో ఆలస్యమైతే మళ్లీ నష్టమే. గాలిలో మూడు డిగ్రీలు చల్లబడినా దాదాపు ఐదు శాతం పోయినట్టే.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, నన్నడిగితే ల్యాబుల్లో నేర్పాల్సిన అసలు పాఠం ఇదే. గాలిలో చల్లబడటం జవాబును ఐదు శాతం తగ్గించింది, తడి ఆరు శాతం పెంచింది. రెండూ కలిసి చెల్లిపోయి జవాబు పుస్తకంలో ఉన్నట్టే వచ్చేసింది. మార్కులు కూడా పడతాయి, ఎవరికీ అనుమానం రాదు. కానీ అది సరైన కొలత కాదు, రెండు తప్పులు ఎదురెదురుగా నిలబడ్డాయంతే. తెలిసిన లోహం మీద ఇది కనబడదు. రేపు నిజంగా తెలియని లోహం చేతికిస్తే, ఆ రెండు తప్పులూ మళ్లీ అదే పాళ్లలో కలవాలని ఏముంది? ఇంకో ముక్కకు గరుకు ఎక్కువుంటే తడి ఎక్కువ అంటుతుంది. జవాబు పుస్తకం విలువకు ఎంత దగ్గరగా ఉందో చూసి మార్కులు వేయడం వల్ల పిల్లలు అంకెను వెనక నుంచి లెక్కగట్టి రికార్డులో రాసేయడం నేర్చుకుంటున్నారు. 0.42 వచ్చిన పిల్లాడు దాన్ని 0.42 అనే రాసి, ఎందుకు తక్కువ వచ్చిందో రెండు ముక్కలు రాస్తే వాడికి పూర్తి మార్కులు ఇవ్వాలి. సైన్సు చేసింది వాడే.

సరే, అన్నీ జాగ్రత్తగా చేశాం, 0.449 వచ్చింది. ఇనుము అని సంతకం పెట్టేయొచ్చా? ఆగాలి. మన థర్మామీటర్‌లో 0.1 డిగ్రీ అటూ ఇటూ పొరపాటు పడినా జవాబు 0.008 మారుతుంది. 0.2 డిగ్రీ తప్పు పడితే 0.016. కాబట్టి నిజాయితీగా చెప్పాల్సింది ఏంటంటే, ఈ లోహం విశిష్టోష్ణం 0.43కూ 0.465కూ మధ్య ఎక్కడో ఉంది. ఆ ఇరుకులో ఇనుము ఉంది, 0.444తో నికెల్ ఉంది, కొన్ని రకాల ఉక్కు ఉంది. కోబాల్ట్ గడప అవతలే నిలబడి ఉంది. రాగి మాత్రం పోటీలో లేదు, అల్యూమినియం అసలే లేదు.

ఇదే కొలతతో వేరే లోహాలైతే నీళ్లు ఎంత వేడెక్కేవో చూస్తే పరిస్థితి కళ్లకు కడుతుంది. అవే 80 గ్రాములు, అదే కప్పు, అవే నీళ్లు. అల్యూమినియం అయితే 10.2 డిగ్రీలు. ఇనుము 5.5. జింక్ 4.80, రాగి 4.77, ఇత్తడి 4.71. వెండి 3.0, తగరం 2.9. సీసం 1.7. అల్యూమినియాన్ని ఎవరైనా పట్టేస్తారు, పాత గాజు థర్మామీటర్ చాలు. సీసాన్ని కూడా పట్టొచ్చు. కానీ రాగికీ జింక్‌కూ మధ్య తేడా 0.03 డిగ్రీ. స్కూలు థర్మామీటర్ మీద గీతకూ గీతకూ మధ్య ఒక డిగ్రీ ఉంటుంది, కన్ను సాగదీసి చూస్తే సగం డిగ్రీ చదవగలం. 0.03 చదవడం మన వల్ల కాదు.

ఇత్తడి సంగతి ఇంకా విచిత్రం. మిశ్రమ లోహానికి విశిష్టోష్ణం దాదాపుగా అందులో కలిసిన లోహాల పాళ్లను బట్టే వస్తుంది. రాగిదీ జింక్‌దీ ఒకే విలువ కాబట్టి ఎన్ని పాళ్లలో కలిపినా ఇత్తడి విలువ అక్కడక్కడే తిరుగుతుంది. 60 శాతం రాగి ఉన్న ఇత్తడికీ 90 శాతం ఉన్నదానికీ తేడా చెప్పమంటే ఈ కప్పు చెప్పలేదు.

తేడాను పెద్దది చేసుకునే మార్గం లేకపోలేదు. లోహం ఎక్కువ వేయండి, నీళ్లు తక్కువ పోయండి. 200 గ్రాముల లోహం, 50 గ్రాముల నీళ్లయితే ఇనుముకు 20.7 డిగ్రీలు, రాగికి 18.5. ఇంతకుముందు 0.7 ఉన్న దూరం ఇప్పుడు 2.2 అయింది. కానీ ఉచితంగా ఏదీ రాదు, నీళ్లు 47 డిగ్రీలకు చేరాయి కాబట్టి గదిలోకి వేడి ఇంకా వేగంగా పోతుంది, ఆవిరి కూడా లేస్తుంది, వెనక్కి పొడిగించే గీత మీద ఆధారపడటం పెరుగుతుంది. అయినా సరే ఈ బేరం మంచిదే. రాగి, జింక్ మధ్య మాత్రం అప్పటికీ 0.1 డిగ్రీనే.

మరి ఈ అంకెలు ఇలా గుంపులుగా ఎందుకున్నాయి? రాగి, జింక్ పక్కపక్కన. బంగారం, సీసం, టంగ్‌స్టన్, ప్లాటినం అన్నీ 0.13 చుట్టూ. 1819లో పారిస్‌లో డ్యూలాంగ్, పెటిట్ అనే ఇద్దరు దీనికి జవాబు కనుక్కున్నారు. (అన్నట్టు వాళ్లు వాడింది మిశ్రమాల పద్ధతి కాదు, వేడి వస్తువు ఎంత వేగంగా చల్లబడుతుందో చూసి కొలిచారు. మరుసటి ఏడాదే పెటిట్ ముప్పై కూడా నిండకుండా చనిపోయారు.) వాళ్లు విశిష్టోష్ణాన్ని పరమాణు భారంతో గుణించి చూశారు. మీరూ చూడండి. అల్యూమినియం 0.897ను 26.98తో గుణిస్తే 24.2. ఇనుము 0.449ను 55.85తో, 25.1. రాగి 24.5. వెండి 25.3. బంగారం 25.4. సీసం 26.7. అల్యూమినియం పరమాణువు కంటే సీసం పరమాణువు ఏడున్నర రెట్లకు పైగా బరువు, అయినా లబ్ధం మాత్రం 25 చుట్టూనే ఉంది.

దీని అర్థం ఒక్కటే. వేడిని గ్రాములు పంచుకోవు, పరమాణువులు పంచుకుంటాయి. పరమాణువు బరువైనదా తేలికైనదా అన్నదానితో పనిలేకుండా, ఒక్కోటీ దాదాపు ఒకే వాటా తీసుకుంటుంది. కిలో నిమ్మకాయల్లో ఉన్నన్ని కాయలు కిలో కొబ్బరికాయల్లో ఉండవు కదా, అలాగే ఒక గ్రాము సీసంలో పరమాణువులు తక్కువ, అందుకే దాన్ని వేడెక్కించడానికి వేడి తక్కువ చాలుతుంది. ఈ దృష్టితో చూస్తే మన కప్పులో కొలిచింది వేడే అయినా చేతికొచ్చింది పరమాణువు బరువు. 25ను మన జవాబు 0.449తో భాగించండి, 55.7 వస్తుంది. ఇనుము పరమాణు భారం 55.85. థర్మకోల్ కప్పుతో, నీళ్లతో పరమాణువును తూచామన్నమాట. నాకు ఈ ప్రయోగంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

అంకెల గుంపులకు కారణం కూడా ఇందులోనే ఉంది. రాగి 63.5, జింక్ 65.4, పరమాణు భారాలు పక్కపక్కన ఉన్నాయి కాబట్టి విశిష్టోష్ణాలూ పక్కపక్కనే. తేలిక లోహాల దగ్గర 25ను భాగిస్తే అంకెలు దూరం దూరంగా పడతాయి, మెగ్నీషియం 1.02, అల్యూమినియం 0.90. బరువైన లోహాల దగ్గర 25ను 184తో భాగించినా 197తో భాగించినా 207తో భాగించినా వచ్చేవి దాదాపు ఒకటే. అంటే ఈ పరీక్ష తేలిక లోహాల దగ్గర పదునుగా ఉంటుంది, బరువు పెరిగేకొద్దీ మొద్దుబారుతుంది. థర్మామీటర్ ఎంత మంచిది కొన్నా ఈ ఇరుకు పోదు.

ఈ నియమంతో నిజంగానే ఒక లోహాన్ని సరైన చోట కూర్చోబెట్టిన కథ ఉంది. 1863లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో రీచ్, రిక్టర్ అనే ఇద్దరు జింక్ ఖనిజంలో కొత్త లోహం కనుక్కున్నారు. రీచ్‌కు రంగులు సరిగా కనిపించేవి కావు, అందుకని వర్ణపటంలో చూసే పని రిక్టర్ చేశారు, నీలిరంగు గీత కనిపించింది, దానికి ఇండియం అని పేరు పెట్టారు. అది ఆక్సిజన్‌తో ఎంత పాళ్లలో కలుస్తుందో చూస్తే తుల్యభారం (8 పాళ్ల ఆక్సిజన్‌తో కలిసే బరువు) సుమారు 37.8 వచ్చింది. అసలు పరమాణు భారం కావాలంటే దాన్ని సంయోజకతతో (ఒక పరమాణువు ఎన్ని బంధాలు కట్టగలదో ఆ సంఖ్యతో) గుణించాలి, అది 2 అవునో 3 అవునో తెలియదు. జింక్‌తో పాటు దొరికింది కాబట్టి జింక్‌లాగే 2 అనుకున్నారు, 75.6 అయింది. మెండలీవ్ తన ఆవర్తన పట్టికలో చూస్తే 75 దగ్గర ఆర్సెనిక్, 79 దగ్గర సెలీనియం ఉన్నాయి, మధ్యలో ఇలాంటి లోహానికి చోటే లేదు. 3తో గుణిస్తే 113, కాడ్మియానికీ తగరానికీ మధ్య ఖాళీ సరిగ్గా అక్కడే ఉంది. ఎవరు రైటు? 1870లో జర్మన్ శాస్త్రవేత్త బున్సెన్ తాను తయారుచేసిన మంచు కెలోరీమీటర్‌తో ఇండియం విశిష్టోష్ణం కొలిచారు. మంచు కరిగితే ఘనపరిమాణం తగ్గుతుంది, ఎంత తగ్గిందో చూసి వేడి లెక్కగట్టే పరికరం అది, చిన్న ముక్క చాలు. నేటి విలువ ప్రకారం ఇండియానికి 0.233. దాన్ని 75.6తో గుణిస్తే 17.6, 25కు చాలా దూరం. 113తో గుణిస్తే 26.3, సరిపోయింది. 113 నిలిచింది.

గమనించండి, అక్కడ బున్సెన్‌కు రెండో దశాంశ స్థానం దాకా కచ్చితత్వం అక్కర్లేదు. ఎదురుగా ఉన్నవి రెండే అవకాశాలు, ఒకటి 75, ఇంకోటి 113. ఇంత దూరంగా ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోవడానికి ఈ పద్ధతి బంగారం లాంటిది. వంద లోహాల్లోంచి ఒకదాన్ని ఏరమంటే మాత్రం దానికి శక్తి చాలదు.

అదే నియమం బెరీలియం దగ్గర తప్పుదారి పట్టించింది. దాని తుల్యభారం 4.5, కాబట్టి పరమాణు భారం 9 కావాలి, లేదా 13.5 కావాలి. విశిష్టోష్ణం 1.82. 25ను 1.82తో భాగిస్తే 13.7. ఇంకేం, 13.5 అని స్వీడన్‌లో నిల్సన్, పెటర్సన్ వాదించారు. మెండలీవ్ మాత్రం 9 అనే పట్టుబట్టారు, పట్టికలో 13.5కు చోటు లేదు మరి. చివరికి 1884లో వాళ్లిద్దరే బెరీలియం క్లోరైడ్ ఆవిరి సాంద్రత కొలిచి 9 సరైనదని ఒప్పుకున్నారు. ఎందుకిలా అయిందంటే తేలికగా, గట్టిగా అతుక్కుని ఉండే పరమాణువులు మామూలు ఉష్ణోగ్రత దగ్గర తమ పూర్తి వాటా వేడి తీసుకోలేవు. బెరీలియం, వజ్రం అలాంటివే. దీనికి కారణం 1907లో ఐన్‌స్టీన్ చెప్పారు: కంపనాల శక్తి ఎంత కావాలంటే అంత చొప్పున చేరదు, మెట్లు మెట్లుగా చేరుతుంది, మెట్టు మరీ ఎత్తుగా ఉంటే గది ఉష్ణోగ్రతలో దాన్ని ఎక్కలేం. మనం ఇంట్లో, ల్యాబ్‌లో చూసే లోహాలకు ఈ ఇబ్బంది పెద్దగా ఉండదు.

తిరిగి మన 80 గ్రాముల ముక్క దగ్గరికి వద్దాం. ఇనుమా, నికెలా, కోబాల్టా? అయస్కాంతం పెట్టి చూద్దామంటే మూడింటికీ అంటుకుంటుంది, అది పనికిరాదు. రెండో సాక్షి సాంద్రత. కొలజాడీలో నీళ్లు పోసి ముక్కను ముంచితే ఇనుమైతే నీళ్లు 10.2 మిల్లీలీటర్లు ఎక్కుతాయి, నికెల్, కోబాల్ట్ అయితే 9. ఈ 1.2 మిల్లీలీటర్ల తేడా కంటికి తెలుస్తుంది. రెండు పరీక్షలు కలిస్తే ఇనుము అని ధైర్యంగా చెప్పొచ్చు, నికెల్, కోబాల్ట్ మధ్య తేల్చమంటే మాత్రం ఈ రెండూ కలిసినా లాభం లేదు, సాంద్రతలు కూడా ఒకటే. రాగి, జింక్ విషయంలో కూడా సాంద్రతే దిక్కు, రాగిది 8.96, జింక్‌ది 7.14. విశిష్టోష్ణం కలిపేసిన వాటిని సాంద్రత విడదీసింది. బంగారాన్నీ సీసాన్నీ కూడా అంతే, ఒకటి 19.3, ఇంకోటి 11.3. రంగు చూస్తే చాలు కదా అనొచ్చు, పైన పూత ఉంటే రంగు అబద్ధమాడుతుంది.

పూత మాట వచ్చింది కాబట్టి, ఈ పరీక్షకు ఉన్న ఒక గొప్ప గుణం చెప్పాలి. నగల దుకాణాల్లో, హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ముందుగా చేసే ఎక్స్-రే పరీక్ష పై పొరలో కొన్ని మైక్రాన్ల లోతు మాత్రమే చూస్తుంది, అందుకే అక్కడ నమూనా తీసి కరిగించి చూసే పరీక్ష కూడా ఉంటుంది. కెలోరీమీటర్ అలా కాదు, వస్తువు మొత్తం చల్లబడాలి కాబట్టి లోపల ఏముందో కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఉదాహరణకు మన ఇళ్లలో పూజ సామానుగా జర్మన్ సిల్వర్ ఎక్కువగా వాడుతున్నారు. అది రాగి, నికెల్, జింక్ కలిసిన లోహం, వెండి ఒక్క పిసరు కూడా ఉండదు. దాని మీద వెండి పూత పూస్తే చూపుకు వెండే. కప్పులో వేస్తే మాత్రం 80 గ్రాముల వెండి నీళ్లను 3 డిగ్రీలే వేడెక్కిస్తుంది, జర్మన్ సిల్వర్ దాదాపు 5 డిగ్రీలు. స్కూలు థర్మామీటర్‌తోనే దొరికిపోతుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: లోపల లక్క నింపినవీ రాళ్లు పొదిగినవీ మరిగే వేడిలో పెట్టకండి, లక్క కరిగిపోతుంది, పైగా లక్క విశిష్టోష్ణం లోహం కంటే చాలా ఎక్కువ కాబట్టి లెక్క కూడా చెడుతుంది.

బంగారానికి ఇంట్లో ఇది పనికొస్తుందా అంటే, తులం బంగారం 100 గ్రాముల నీళ్లను 0.2 డిగ్రీ వేడెక్కిస్తుంది. ఏం చదువుతాం? నీళ్లు 10 గ్రాములకు తగ్గిస్తే కప్పు, థర్మామీటర్ తీసుకునే వేడే పెద్ద పాలు అవుతుంది. ప్రత్యేకంగా తయారైన చిన్న కెలోరీమీటర్ ఉంటే 22 క్యారెట్లకూ 24 క్యారెట్లకూ తేడా పట్టొచ్చు, కలిపిన 8 శాతం రాగికే విలువ 0.129 నుంచి 0.150కు పోతుంది, రాగి పరమాణువులు తేలిక కాబట్టి గ్రాముకు ఎక్కువ పడతాయి.

అన్నిటికంటే కఠినమైన మోసం టంగ్‌స్టన్ నింపిన బంగారు కడ్డీ. టంగ్‌స్టన్ సాంద్రత 19.25, బంగారానిది 19.3. నీళ్లలో ముంచి చూసే పాత పరీక్షకు అది దొరకదు. పైన నిజమైన బంగారమే కాబట్టి పై పొర చూసే ఎక్స్-రేకూ దొరకదు. పోనీ విశిష్టోష్ణం? టంగ్‌స్టన్‌ది 0.132, బంగారానిది 0.129. మన కప్పులో తేడా 0.04 డిగ్రీ. పరమాణు భారాలు 184, 197 అయినప్పుడు ఇంతకంటే తేడా రాదని ఇప్పుడు మనకు తెలుసు. రెండు సాక్షులూ ఒకే అబద్ధం చెబుతున్నప్పుడు మూడో సాక్షి ఇంకో గుణాన్ని చూసేది కావాలి, పరమాణువులు ఎంత బరువున్నాయి, ఎంత దగ్గరగా ఉన్నాయి అన్నవి కాకుండా, అవి ఒకదానికొకటి ఎంత గట్టిగా పట్టుకుని ఉన్నాయి అన్నది చూసేది. అక్కడే రెండూ విడిపోతాయి. టంగ్‌స్టన్ 3,400 డిగ్రీలు దాటితే గానీ కరగదు, బంగారం 1,064కే కరుగుతుంది, ఆ పట్టు తేడా ధ్వనిలో వినపడుతుంది: బంగారంలో శబ్దం సెకనుకు సుమారు 3,200 మీటర్లు, టంగ్‌స్టన్‌లో 5,200. అందుకే పెద్ద కడ్డీలను అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. విద్యుత్తును కూడా బంగారం రెండు రెట్లకు పైగా బాగా ప్రవహింపజేస్తుంది, అలా కొలిచే పరికరాలూ ఉన్నాయి.